పీపాల దారి దాటిన శుక్రవారం

మంజియాకు నీళ్ళంటే భయమని మహూత్‌లోని టీచర్ల క్వార్టర్లలో తెలియనివాళ్ళు లేరు. ఆ సంగతి ఊరంతా చాటింది ఆమె మొగుడే. "మా ఆవిడది కైరవాన్. అక్కడ నీళ్ళు బావిలో బుద్ధిగా కూర్చుంటాయి. సముద్రాన్ని చూస్తే, అదేంటి, దానికి గోడ కట్టలేదేంటి అంటుంది" అని ఖమైస్ ఎవరింటికి టీకి వెళ్ళినా ఒకసారి అనేవాడు. అందరితోపాటు మంజియా కూడా నవ్వేది. అతను కెర్కెన్నా దీవులవాడు. నడక కన్నా ఈత ముందు వచ్చిందని చెప్పుకునే రకం.

ట్యునీసియా నుంచి ఒమాన్‌కు ఇద్దరూ ఒకే ఒప్పందం మీద వచ్చి మూడేళ్ళయింది. మగపిల్లల బడిలో అతను భూగోళం చెబుతాడు. ఆడపిల్లల బడిలో ఆమె లెక్కలు చెబుతుంది. పొద్దున్నే బడి, మధ్యాహ్నం ఏసీ గదిలో కునుకు, సాయంత్రం పరీక్ష కాగితాలు. ఊరి నుంచి తెచ్చుకున్న హరీసా కారం డబ్బాను సెలవుల దాకా వచ్చేట్టు చెంచాలతో కొలిచి వాడుకోవడం. పిల్లలు లేరు. ఆ మాట ఇంట్లో ఎత్తడం మానేసి కూడా చాలాకాలమైంది. దాని బదులు శుక్రవారం శుక్రవారం ఊళ్ళు తిరుగుతారు. కొండలు అయ్యాయి, కోటలు అయ్యాయి, రెండు రోజులు బండి నడిపి సలాలా కూడా చూసి వచ్చారు. ఎక్కడికెళ్ళాలో అతను చెబుతాడు. రొట్టెలు, ఉడికించిన గుడ్లు, ఆలివ్ కాయలు ఆమె కడుతుంది.

ఆ వారం అతను దక్షిణంగా సముద్రంలోకి పొడుచుకుపోయిన, ఉప్పు తేలిన పర్ర నేల చూద్దామన్నాడు. మసీరా దీవికి వెళ్ళే పడవల రేవు ఆ వైపే ఉంది. రేవు దాకా ఉప్పుపర్ర మీద తారు రోడ్డంటూ లేదు. దారి తెలియడానికి అక్కడక్కడా పాత పీపాలు పాతి ఉంటాయి. "పీపాల దారి వదిలి ఓ అయిదారు కిలోమీటర్లు పోతే రాజహంసలట. వేలకు వేలు. ఎవరూ చూడని చోటు" అన్నాడు ఖమైస్.

బుధవారం తొమ్మిదో తరగతిలో మంజియా మాటవరసకు ఈ సంగతి చెప్పింది. రయ్యా అనే పిల్ల, ఎప్పుడూ నోరు విప్పనిది, తలెత్తింది.

"టీచర్, పీపాలు దాటకండి."

"ఏం?"

"పౌర్ణమి కదా ఈ వారం. పోటు ఎక్కువ. మా అవ్వ ఒంటెల్ని కూడా అటు వదలదు."

మంజియా ఇంటికొచ్చి అదే మాట ఖమైస్‌కు చెప్పింది. అతను నవ్వి, "పోటు అంటే ఏంటో ఆ పిల్లకి నేను చెప్పాలి, అది నాకు కాదు" అన్నాడు. "చంద్రుడు, భూమి, ఆకర్షణ. ఆరో పాఠం." ఆమె ఇంకోసారి చెప్పలేదు. చెబితే మళ్ళీ బావి మాట వస్తుంది, మళ్ళీ నవ్వాలి.

శుక్రవారం పొద్దున ఎనిమిదికి పీపాల దారి ఎక్కారు. చుట్టూ తెల్లటి నేల, చదునుగా, కొలబద్ద పెట్టి గీసినట్టు ఉంది. తొమ్మిదిన్నరకు ఖమైస్ జీపును ఎడమకు తిప్పాడు. చక్రాల కింద ఉప్పు పొర పెళపెళలాడింది. వెనక అద్దంలో పీపాలు ఒక్కొక్కటే చిన్నవైపోయి చివరికి ఏవీ కనబడలేదు. మంజియా సీటు కింద వేళ్ళు బిగించి కూర్చుంది.

రాజహంసలు నిజంగానే ఉన్నాయి. దూరంగా, నేలకు గులాబిరంగు అంచు కుట్టినట్టు. ఖమైస్ ఆనందం పట్టలేక, "చూశావా? చూశావా? ఆ పిల్ల మాట విని ఇంట్లో కూర్చుంటే?" అంటూ ఇంకాస్త ముందుకు పోనిచ్చాడు. ఇంకాస్త. అప్పుడు ముందు చక్రం కింద నేల మెత్తబడింది. జీపు ముక్కు వంచింది. అతను గేరు మార్చి గట్టిగా తొక్కేసరికి నాలుగు చక్రాలూ ఒక్కసారిగా దిగబడిపోయాయి. తెల్ల పొర కింద ఉన్నదంతా నల్లటి అడుసు. కుళ్ళిన నాచు వాసన వేసింది.

"ఏం కాలేదు. పది నిమిషాల పని" అన్నాడు.

గంటన్నర తవ్వారు. చిన్న పారతో అతను, పళ్ళెంతో ఆమె. జీపులో కాళ్ళ కింద పరిచే పట్టాలు తీసి చక్రాల కింద వేశారు, రొట్టెల గంప విరిచి వేశారు, అతని కోటు వేశారు. ఇంజను అరిచిన ప్రతిసారీ జీపు ఇంకో బెత్తెడు దిగింది. చివరికి బండి పొట్ట నేలకు ఆనింది. ఖమైస్ పార విసిరికొట్టి, నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

పక్షులు దగ్గరికొచ్చాయని మంజియా అప్పుడే చూసింది. పొద్దున అంచులా కనబడినవి ఇప్పుడు కాళ్ళూ మెడలూ లెక్కపెట్టేంత దగ్గరగా ఉన్నాయి. అవి ఎగరడం లేదు. తీరిగ్గా, తల వంచి తింటూ, తమ వైపే నడిచి వస్తున్నాయి.

"ఖమైస్, ఇవెందుకు ఇటు వస్తున్నాయి?"

"మనల్ని చూడ్డానికి."

"వాటి వెనక ఏదో మెరుస్తోంది."

"ఎండమావి. రోజూ పిల్లలకి చెప్పేదే..." అని తల తిప్పినవాడు మాట ఆపేశాడు. పెళ్ళయిన పదకొండేళ్ళలో ఎన్నడూ చూడని మార్పు అతని ముఖంలో చూసింది మంజియా. దవడ జారింది. కళ్ళు చిట్లించి చాలాసేపు చూశాడు. పక్షులు నీళ్ళ అంచునే తింటూ వస్తున్నాయి. అంచు కదులుతోంది. అలల్లేవు, చప్పుడు లేదు. నేల మీద ఎవరో తడిగుడ్డ పరుస్తూ వస్తున్నట్టుంది.

"పీపాల దారికి పోవాలి. శుక్రవారం మధ్యాహ్నం రేవుకు బండ్లుంటాయి. ఎవర్నో ఒకర్ని పట్టుకొస్తా. పద" అన్నాడు.

"ఎంత దూరం?"

"నాలుగు కిలోమీటర్లు. అయిదు. పద మంజియా!"

ఆమె జీపు మెట్టు మీద ఉంది. కింద అప్పటికే తడి చేరింది. చీలమండ కూడా మునగనంత నీరు, తవ్విన గోతుల్లో నిండి గిర్రున తిరుగుతోంది. దిగుదామనుకుంది. కాలు మాట వినలేదు. అతను చెయ్యి పట్టుకు లాగాడు. ఆమె రెండో చేత్తో తలుపు పట్టుకుంది. ఎంత పిలిచినా, ఎంత తిట్టినా ఆ వేళ్ళు వీడలేదు. "నా వల్ల కాదు. నా వల్ల కాదు" అని మాత్రం అంటోంది.

ఖమైస్ ఒక్క క్షణం ఆగాడు. "సరే. పైకెక్కి కూర్చో. కప్పు దాకా రావు నీళ్ళు. గంటలో వస్తా" అన్నాడు. చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని బయలుదేరాడు. మొదట నడిచాడు. తర్వాత పరుగులాంటి నడక.

మంజియా కప్పు మీద సామాన్ల కమ్మీలు పట్టుకుని కూర్చుంది. ఎండకు రేకు కాలుతోంది. కాలితే కాలనీ. అతని తెల్ల చొక్కాను చూపుతోనే పట్టుకుంది. వదిలితే తెగిపోతుందన్నట్టు రెప్ప కూడా వేయకుండా చూసింది. వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతాడేమో అని తన చెయ్యి సగం ఎత్తి ఉంచుకుంది. అతను తిరగలేదు.

నీళ్ళు చక్రం మధ్యకొచ్చాయి. చక్రం పైకొచ్చాయి. తలుపు మీద దుమ్ముతో గీసినట్టు ఒక చార ఉంది. మంజియా దాన్ని గుర్తుగా పెట్టుకుంది. గడియారం చూసింది. నాలుగు నిమిషాలకు ఒక వేలు మందం. తలుపు పిడికి తొమ్మిది వేళ్ళు. కిటికీకి పద్నాలుగు. కప్పుకు... ఆమె లెక్క ఆపబోయింది. బుర్ర ఆపలేదు. ఇరవయ్యేళ్ళుగా పిల్లలకు లెక్క తప్పకూడదని చెబుతూ వచ్చిన మనిషి, ఈ ఒక్క లెక్కా తప్పయితే బాగుండునని మళ్ళీ మొదటినుంచీ వేసింది. అదే జవాబు వచ్చింది.

ఆపదలో చదివే ఖురాన్ వాక్యం, ఆయతుల్ కుర్సీ అందుకుంది. ఆరేళ్ళప్పటినుంచి వచ్చినది, సగంలో తెగిపోయింది. తర్వాతి మాట నోటికి రావడం లేదు. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే తెగింది. అప్పుడు ఆమెకు నిజంగా వణుకు పుట్టింది. పక్షులు జీపును దాటి ముందుకు వెళ్ళిపోయాయి. ఇప్పుడు వాటి వెనక ఉన్నది ఆమె.

జీపు ఒక పక్కకు కొద్దిగా కదిలింది. ఎవరో కింద నుంచి భుజంతో నెట్టినట్టు. "అమ్మా!" అని అరిచింది మంజియా. ఆ అరుపుకు తనే ఉలిక్కిపడింది. చుట్టూ ఎంత నిశ్శబ్దంగా ఉందో అప్పుడు తెలిసింది.

మళ్ళీ చొక్కా కోసం వెతికింది. ఉంది. కానీ చిన్నదవడం ఆగిపోయింది. కిలోమీటరు కూడా ఉండదు. ఒకే చోట ఉంది. కూర్చున్నాడా? అలసిపోయి కూర్చుంటే నడుం కింద భాగం కనబడాలి కదా. నడుం కింద ఏమీ లేదు. చొక్కా రెండు చేతులూ పైకెత్తుతోంది, దించుతోంది.

దిగబడ్డాడు.

ఎవరూ రారు. ఆ మాట ఎవరో చెవిలో చెప్పినట్టు వినబడింది ఆమెకు. సాయానికి వెళ్ళినవాడే అక్కడ కూరుకుపోయి ఉంటే ఇక ఎవరూ రారు. తను ఇక్కడ కమ్మీలు పట్టుకుని, వేళ్ళు లెక్కపెట్టుకుంటూ, పద్నాలుగు దాకా, ఇరవై దాకా...

ఎలా దిగిందో తర్వాత ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోయింది. దిగేముందు లోపల చెయ్యి పెట్టి ఖాళీ నీళ్ళ డబ్బా తీసుకోవడం గుర్తుంది. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ డబ్బా. మూత బిగించింది. చక్రాల కింద నుంచి తేలివచ్చిన రెండు పట్టాలు చంకలో పెట్టుకుంది. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి. గోరువెచ్చగా ఉన్నాయి. అది ఇంకా భయపెట్టింది, ఏదో ప్రాణమున్న జంతువు ఒంటికి రాసుకున్నట్టు. కళ్ళు మూసుకుంటే పడిపోతుంది, తెరిస్తే నీళ్ళు. తెరిచే నడిచింది. పాదం పెట్టేముందు వేళ్ళతో నేల తడిమి, గట్టిగా ఉంటేనే బరువు వేసింది. దారి పొడవునా గట్టిగా ఏడుస్తూనే ఉంది. ఆపాలని కూడా అనిపించలేదు.

ముందుకు పోయేకొద్దీ నీళ్ళు తగ్గాయి, మోకాళ్ళ దాకా, పిక్కల దాకా. ఖమైస్ చిన్న పాయ అంచున ఉన్నాడు, తొడల పైదాకా అడుసులో. గడ్డానికి బురద, పెదాల మీద ఉప్పు. ఆమెను చూసి, "రావద్దు! అక్కడే ఆగు! దిగుతావు!" అని కేకపెట్టాడు. ఆ కేక చివర గొంతు పగిలి ఏడుపైపోయింది.

"కదలకు. కదిలేకొద్దీ దిగుతున్నావు. జీపు కూడా అలాగే దిగింది" అంది మంజియా. తన గొంతు తనకే కొత్తగా ఉంది. పట్టాలు అతని వెనక పరిచింది. "వెనక్కి పడుకో."

"పడుకుంటే మునిగిపోతా."

"ఇక్కడ పిక్కల్లోతే. పడుకో ఖమైస్. మంచం మీద పడుకున్నట్టు."

అతను వెల్లకిలా వాలాడు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని తొడ చుట్టూ చేతులతో అడుసు తోడింది. ఎక్కివస్తున్న నీళ్ళే పలుచన చేశాయి దాన్ని. ఒక కాలు బుడబుడమంటూ ఊడొచ్చింది. రెండోది రావడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆమె గోళ్ళు రెండు విరిగాయి. వచ్చాక ఇద్దరూ పట్టాల మీద పక్కపక్కన పడి ఊపిరి తీసుకున్నారు. తీసుకుంటుండగానే నీళ్ళు చెవుల్లోకి వచ్చాయి.

లేచి చూస్తే ఎటు చూసినా నీళ్ళే. పాయ ఇందాక నాలుగు అంగలు ఉండేది. ఇప్పుడు ఒడ్డు తెలియడం లేదు. వెనక జీపు కప్పు, అద్దాల పై అంచు మాత్రం కనబడుతున్నాయి.

అప్పుడు హారన్ మోగింది.

చాలా దూరంగా, నీళ్ళకు అవతల కాస్త ఎత్తుగా ఉన్న ఇసుక మేట మీద ఒక పికప్ బండి ఉంది. బండి ముందు భాగం మీద నల్లబట్టల మనిషి నిలబడి ఎర్రటి గుడ్డ ఏదో ఊపుతోంది. గాలి ఆగినప్పుడల్లా మాటలు ముక్కలు ముక్కలుగా వస్తున్నాయి.

"ఎడంపక్కకి! ఎడంపక్కకి రాండి! తిన్నగా రాబాకండి, సచ్చిపోతారు!"

ఆ మనిషి దిగి హారన్ దగ్గరికి చేరింది. వీళ్ళు ఎడమకు నడిచారు. తప్పు అడుగు పడినప్పుడల్లా హారన్ రెండుసార్లు మోగేది. సరిగ్గా పడితే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దాన్ని పట్టుకుని నడిచారు. నీళ్ళు నడుం దాటాయి. మేట ఇంకో యాభై అంగలుందనగా నేల పోయింది. మధ్యలో పెద్ద పాయ, నల్లగా, పక్కకు లాగేస్తూ పారుతోంది.

"డబ్బాని వాటేసుకో. గడ్డం దాని మీద పెట్టు. నీ జుట్టు నేను పట్టుకుంటా" అన్నాడు ఖమైస్.

"నాకు రాదు. నాకు ఈత రాదు."

"నాకొచ్చు. మంజియా, ఇది నాకొచ్చు."

అవతలి ఒడ్డు నుంచి తాడు వచ్చి నీళ్ళ మీద పడింది, అందలేదు. మళ్ళీ లాగి విసిరింది ఆ మనిషి. మంజియా డబ్బాను కౌగిలించుకుని కాళ్ళు వదిలేసింది. కింద ఏమీ లేదు. ఏమీ లేకపోవడమనేది ఎలా ఉంటుందో అంతవరకూ ఆమెకు తెలియదు. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి, ముక్కులోకి పోయాయి, లోకమంతా ఆకుపచ్చగా ఒక చప్పుడుగా మారింది. తల వెనక మాత్రం జుట్టు కుదుళ్ళు ఊడేట్టు ఒక పిడికిలి. అది వదల్లేదు. ఎన్నిసార్లు మునిగినా వదల్లేదు. తర్వాత తాడు మోచేతికి తగిలింది. తర్వాత ఇసుక.

తాడు లాగిన ఆవిడ పేరు మతీరా. అరవై దాటిన మనిషి. ముక్కునూ నుదుటినీ కప్పే ముసుగులోంచి రెండు చురుకైన కళ్ళు. ఎండుచేపల మూటలు రేవులో దింపి వస్తూ, దారి వదిలి పక్కకు తిరిగిన చక్రాల జాడ చూసిందట. "పోయిన జాడుంది, వచ్చిన జాడ లేదు. ఈ పొద్దు పోటు చూస్తే ఇట్టుంది. ఎవురో పట్నపోళ్ళు సావడానికి పొయ్యారనుకున్నా" అంది. ఇద్దరి మీదా గోనెపట్టాలు కప్పి బండి వెనక కూర్చోబెట్టింది. మంజియా ఇసుకను రెండు గుప్పిళ్ళ నిండా పట్టుకుని ఉంది. బండెక్కినా వదలలేదు.

ఈతాకుల గుడిసెలో మతీరా కాఫీ పోసింది, ఖర్జూరాలు ముందు పెట్టింది. ఖమైస్ గిన్నెను రెండు చేతులా పట్టుకుని ఒక్క గుక్కలో తాగేశాడు. ఆవిడ మళ్ళీ నింపింది. తర్వాత ఉండబట్టలేకపోయింది.

"యాడ పనిచేస్తావు పంతులా?"

"బడిలో."

"ఏం జెప్తావు పిలకాయలకి?"

అతను తల వంచుకున్నాడు. మంజియా చెప్పింది, "భూగోళం."

మతీరా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నవ్వు కళ్ళలో కనబడుతూనే ఉంది. "ఇంకా రొండు ఖర్జూరాలు తిను నాయనా. భూగోళం యాడికీ పోదు" అంది. మంజియా వైపు తిరిగి, ముసుగు కాస్త సర్దుకుని, "నువ్వేగా టీచరమ్మవి? మా మనమరాలు రయ్యా జెప్పలా నీకు?" అంది.

"చెప్పింది."

"మరి?"

మంజియా గిన్నె కింద పెట్టింది. మతీరా ఆమె చేతి విరిగిన గోళ్ళకు నెయ్యి రాసి గుడ్డ చుట్టింది.

మర్నాడు ఆటు సమయంలో మతీరా కొడుకులూ చుట్టాలూ నాలుగు బండ్లు కట్టి జీపును లాగారు. ఇంజను నిండా అడుసు. అది మళ్ళీ నడవలేదు. అంతకుముందు రాత్రే మతీరా బండిలో ఇల్లు చేరిన ఇద్దరూ ఆ శనివారమే బడికి వెళ్ళారు. తొమ్మిదో తరగతిలో అడుగుపెట్టేసరికి పిల్లలందరూ లేచి నిలబడ్డారు, ఒక్కరూ కూర్చోలేదు. రయ్యా తల దించుకుని ఏడుస్తోంది, తప్పు చేసినదానిలా. మంజియా దాని దగ్గరకు వెళ్ళి నిలబడింది. చివరికి, "పుస్తకాలు తియ్యండి" అంది.

భయం ఇంటికి వచ్చాక కూడా పోలేదు. మొహం కడుక్కోవడానికి దోసిట్లో నీళ్ళు పట్టగానే ఆమెకు ఊపిరి ఆడేది కాదు. తడిగుడ్డతో తుడుచుకునేది. ఖమైస్ అసలు మాట్లాడడం మానేశాడు. క్వార్టర్లలోవాళ్ళు ఏమయింది, ఏమయింది అని గుమికూడితే ఆమే చెప్పింది. అతను గోడకానుకుని విన్నాడు. బావి మాట ఎవరూ ఎత్తలేదు.

పది రోజులయ్యాక, ఒక సాయంత్రం ఆమె పరీక్ష కాగితాలు దిద్దుతోంది. అతను ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఒప్పందం కాగితం వచ్చింది. ఇంకో రెండేళ్ళకి."

"ఊఁ."

"సంతకం పెట్టను. రేపే రాజీనామా ఇచ్చి పోదాం. ఇక్కడ ఒక్కరోజు కూడా ఉండలేను."

"పదో తరగతి పిల్లలకి పరీక్షలు జూన్‌లో. అవి అయ్యాక."

అతను బల్ల మీద వేలితో గీతలు గీశాడు. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, కాగితాలకు చెబుతున్నట్టు చెప్పాడు.

"ఆరోజు నువ్వు దిగనన్నావు చూడు... నేను ఇంకా లాగొచ్చు. ఎత్తుకుని పోవచ్చు. ఇద్దరం అయితే ఆలస్యమవుతుంది అనుకున్నా. నువ్వు రాకపోతే..." ఆగాడు. "నాకు ప్రాణం లేచొచ్చింది మంజియా. నువ్వు రానందుకు. అందుకే వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోవాల్సొస్తుందని."

ఆమె ఎర్ర కలం మూత పెట్టింది.

"తెలుసు" అంది.

"ఎలా?"

"నేను చూస్తూనే ఉన్నాగా. ఒక్కసారి కూడా తిరగలేదు నువ్వు."

అతను ఆమె దిద్దిన కాగితాల దొంతర సర్దాడు.

"తెలిసీ ఎందుకొచ్చావు నా కోసం?"

మంజియా ఆలోచించింది. మంచి మాట చెప్పవచ్చు. అతను దానికోసమే చూస్తున్నాడు, పిల్లవాడిలా నోరు కొద్దిగా తెరుచుకుని. కానీ ఆ రోజు నుంచీ ఆమె నోటికి తీపి మాటలు రావడం లేదు.

"నీకోసమో కాదో నాకు తెలీదు. ఆ కప్పు మీద ఒంటరిగా కూర్చోవడానికి నీళ్ళకన్నా ఎక్కువ భయమేసింది."

బయట గట్టిగా హారన్ మోగింది. ఇద్దరూ ఒక్కసారే లేచి నిలబడ్డారు. కుర్చీ వెనక్కి పడింది. కాగితాలు నేలంతా చెదిరాయి. అతని చేయి ఆమె జబ్బను పట్టుకుని ఉంది. నొప్పి పుట్టేంత గట్టిగా.

"టీచరమ్మా! నీళ్ళ బండి! గొట్టం పట్టండి!" అని ట్యాంకరు డ్రైవరు వీధిలోంచి అరిచాడు.

"నేను వెళ్తా" అన్నాడు ఖమైస్. అని అక్కడే నిలబడ్డాడు.

"పద, ఇద్దరం వెళ్దాం" అంది మంజియా.

గొట్టం అతను పట్టుకున్నాడు. ఆమె పక్కన గోడకు చెయ్యి ఆన్చి నిలబడింది. తొట్టిలో నీళ్ళు గుభగుభమంటూ పడుతున్నాయి, అడుగు నుంచి ఒక్కొక్క వేలు పైకి వస్తూ. అతను వాటి వంక చూడడం లేదు. ఆమె వంకే చూస్తున్నాడు. ఆమె నీళ్ళ అంచునే చూస్తూ ఉంది. నిండబోయే ముందు, "చాలు, ఆపమను" అంది.